అరువు కోటు

సొహార్ బడివాళ్లు ఫోన్ చేశారు:
"సైన్స్ డే మేడమ్, శాస్త్రవేత్తగా మీరు రావాలి.
తెల్లకోటుతో."

నాకు తెల్లకోటు లేదు.
మోకాళ్ల దగ్గర ఉప్పు చారలు కట్టిన నీలం డాంగ్రీ ఉంది.
మందుల షాపు కురియన్‌ని అడిగి తెచ్చుకున్నాను.
జేబులో ఎవరికో ఇవ్వాల్సిన యాభై బైసాల బిళ్ల.

గోడ నిండా పిల్లల బొమ్మలు.
పిడుగు పడ్డ జుట్టు, గుండ్రటి కళ్లద్దాలు,
పొగలు కక్కే ఆకుపచ్చ సీసా.
అందరూ మగాళ్లే, అందరూ ఒంటరోళ్లే.
ఒక్కడి సీసాలో మాత్రం చేప ఉంది.

మూడో వరస పిల్ల లేచింది:
"ఆంటీ, మీరు ఏదైనా పేల్చారా?"
లేదమ్మా. నిన్న రాత్రంతా
సముద్రపు గొట్టానికి అడ్డంపడ్డ జెల్లీచేపల్ని
ఖల్ఫానూ నేనూ గంపలకెత్తి తూచాం.
పిల్ల మొహం చిన్నబోయింది.
తప్పేముంది,
ఎనిమిదో తరగతిలో నేనూ
ఆ ముసలాయన్నే గీశాను, గడ్డంతో సహా.

వెళ్లేముందు గాజుగ్లాసులో మంచినీళ్లిచ్చారు.
గుక్కలోనే గుర్తుపట్టాను:
క్లోరిన్ ఒక పిసరు ఎక్కువ.
మంగళవారం నీళ్లు.
పోనీలెమ్మని నేను సంతకం పెట్టినవే.

ఎవరికీ చెప్పలేదు.
కోటు చేతులు పొడుగయ్యాయి,
పైకి మడుచుకుని
మొత్తం తాగేశాను.