ఆయుధ రకం

నా తెర మీద ఇనుము నీలం,
తినేదేదైనా నారింజ.
బెజవాడ స్టేషను పడమటి గేటులో
ఎనిమిదేళ్ళుగా ఈ రెండు రంగులే నా డ్యూటీ.

ఎలక్షన్ కోడు రోజులు.
పసుపు పంచె, బుగ్గన చుక్క,
చెమటకి వాడిన చామంతుల దండ,
కుడిచేతిలో కత్తి, కత్తికో నిమ్మకాయ.
ఫ్రేములోంచి నడిచాడు. ఫ్రేము కేకేసింది.
బెల్టు మీద పెట్టవయ్యా అంటే
పెట్టకూడదంటండి,
తాళి కట్టేదాకా చేతిలోంచి ఇనుము దిగకూడదంట.
ఎవరన్నారు?
వెనక నలభై మంది ఒకేసారి చెప్పారు.

ఎస్సై ఏసోబు గారు స్కేలు తెప్పించారు.
పిడితో కలిపి కొలవాలా, పిడి వదిలేసా?
నిమ్మకాయ దాకానా, అది దాటాకా?
జేబులోంచి మడతలు పడ్డ సర్క్యులర్ తీసి
రెండుసార్లు చదివి
"ఇందులో పెళ్ళికొడుకు అన్న మాటే లేదమ్మా" అన్నారు,
ఉంటే బావుండేదన్నట్టు.

నిడదవోలు ప్యాసింజరు కూత వేసింది.
నాకు మా పెళ్ళికత్తి గుర్తొచ్చింది.
మా ఆయన చేతిలో మూడు రోజులు వణికి
ఇప్పుడు వంటింట్లో దొండకాయలు తరుగుతోంది.
దాన్ని ఎవరూ ఏమీ అడగరు.

అప్పుడు నాయనమ్మ సామ్రాజ్యమ్మ
బొడ్లోంచి సంచి తీసింది.
ఆకులు, సున్నం డబ్బీ, వక్కలు, అడుగున అడకత్తెర.
ఇందాక నా బెల్టు మీంచి పోయిన సంచే.
నీలంగా కనపడింది కూడా. నేనే పోనిచ్చాను.
"ఇదీ ఇనుమేగా" అంది.
కత్తికున్న నిమ్మకాయ పీకి
అడకత్తెర నోట్లో పెట్టి
మనవడి పిడికిట్లో కుక్కింది.
రెండు రెక్కల మధ్య నిమ్మకాయ,
నిమ్మకాయలాగే వాడూ.
నలభై మందీ పరుగు.
ఏసోబు గారు అటు తిరిగి
సోడాబండి ధరల పట్టీ చదివారు, చాలాసేపు.

రిజిస్టరు తెరిచాను.
సొత్తు: కత్తి ఒకటి.
పొడవు: ఆరంగుళాల చిల్లర.
సొంతదారు: వెంకట బాజీ, మంగళగిరి.
ఆయుధ రకం దగ్గర పెన్ను ఆగింది.
రికార్డుకని మిషన్లో వేశాను.
నీలమంతా సరిగ్గానే ఉంది,
మొన దగ్గరే పలచబడింది.
చేతిలోకి తీసుకుంటే
మూడు రోజుల పులుపుకి ఇనుము నల్లగా మాగి
బొటనవేలితో నొక్కినా దిగలేదు.
మేం స్కేలు పెట్టక ముందే
నిమ్మకాయ తన పని చేసేసింది.

పదహారు రోజుల పండగ వెళ్ళాక
ఒకమ్మాయి వచ్చింది,
మెళ్ళో పచ్చిపసుపు తాడు,
ఆధార్ కార్డు మీద ఇంకా పుట్టింటి పేరు.
ఆయనకి షిఫ్టండి, నన్ను తెమ్మన్నారు.
నాగతులసి అని సంతకం చేసి
ఖాళీ గడి మీద వేలుపెట్టి
ఇక్కడేం రాయాలండి అంది.
నీకేమనిపిస్తే అదే రాయి అన్నాను.

కత్తిని అటూ ఇటూ తిప్పి చూసింది,
మొన మీద గోటితో గీకింది,
కొంగులో చుట్టుకుంది.
"ముందు సాన పట్టించనివ్వండి,
అప్పుడొచ్చి రాస్తా."