రెండు మేకులు

వేలెడు తగరపు గొట్టం, మెజూజా.
లోపల తోలుమీద రాసి చుట్టిన దేవుడి మాట.
గుమ్మానికి కుడిపక్కన, భుజమెత్తున,
రెండు మేకులతో బిగిస్తారు.
నిలువుగా పెట్టాలన్నాడట ఒక పండితుడు,
అడ్డంగా అన్నాడట ఇంకొకడు,
తగువు తెగక వాలుగా పెట్టారు.
అమ్మమ్మ జోయా అనేది:
అందుకేనే పిల్లా,
మన ఇంట్లో ఎవరూ తిన్నగా కూర్చోరు,
పయనానికి ఒరిగే ఉంటారు.

మొనాస్తిర్‌లో, ద్రాగోర్ ఏటి పక్కన ఇల్లు.
నేను చూడలేదు. అమ్మా చూడలేదు.
ఫిరంగి గుండు పొయ్యి మీద కాదు,
పొయ్యి పక్కన పడింది.
కుండలో చిక్కుళ్ళు ఉడుకుతూనే ఉన్నాయట.
తిన్నాకే బయల్దేరారు.
తాత బొహోర్ కత్తిమొనతో మేకులు పెకలించి
గొట్టాన్ని మేజోడులో దోపుకున్నాడు.
గుమ్మానికి రెండు బొక్కలు మిగిలాయి.

వెనక్కి తిరిగి చూశారా, అమ్మమ్మా?
చూడక?
గొళ్ళెం పెట్టానో లేదోనని.

సలోనికాలో ఐదు నెలలు.
ఊరే తగలబడింది.
కాలుతున్న గుమ్మం నుంచి ఊడబెరికాడు తాత;
చచ్చేదాకా ఆయన అరచేతిలో
వాలుగా ఒక మచ్చ.
అక్కడ బొక్కలు కూడా మిగల్లేదు.

ఓడ. రైలు. కంచరగాడిద. మళ్ళీ రైలు.
భూమి అంచున తెముకో:
కొయ్య ఇళ్ళు, కట్టెల పొగ,
ఆరని ఉన్ని వాసన,
వాన, వాన, ఆదివారం కాస్త తెరిపి.
బట్టల కొట్లో అమ్మమ్మ గజానికి బేరమాడితే
కొట్టావిడ నోరు తెరిచింది.
ఈ మాటలు ఎక్కడ నేర్చావు?
మా ముత్తవ్వల నాటివి ఇవి!
నాలుగొందల ఏళ్ళ కింద ఏ స్పెయిన్ తరిమిందో
ఆ స్పెయిన్ మాటే మా నోట్లో ఉంది.
ఎరువు సొమ్ము బరువు చేటంటారు.
ఆ బరువుతోనే పుట్టాం, పెళ్ళాడాం,
లాలి పాడాం, తిట్టుకున్నాం.
చివరికి సొమ్ముగలవాళ్ళ చుట్టాలే
చూసి నవ్వారు: పాత ఫ్యాషన్!

అమ్మమ్మ చెల్లెలు రెయినా
మొనాస్తిర్‌లోనే ఉండిపోయింది.
నలభైమూడు, మార్చి.
ఆ తర్వాత ఉత్తరం లేదు.
పోస్టుమాన్‌ని అమ్మమ్మ ఏమీ అడగలేదు.
నెలకొక స్టాంపు కొనేది, అంతే.
ఆమె పోయాక బిస్కెట్ల డబ్బాలో లెక్కపెట్టాను:
రెండొందల పదకొండు.

నా వంతు డెబ్భైనాలుగులో వచ్చింది.
జీపు దిగినవాళ్ళు యూదుల కోసం రాలేదు,
యూనియన్ చీటీల కోసం వచ్చారు.
తేడా ఏముందంటావా, ఉంది.
ఈసారి నా పాపం నేనే చేసుకున్నాను.
వెన్న రాసే కత్తితో పెకలించాను మేకులు.
ఒకటి వంగిపోయింది.

మాల్మో. నాలుగో అంతస్తు.
అద్దె కాగితంలో పదిహేడో షరతు:
గుమ్మాలకు మేకులు కొట్టరాదు.
జిగురు టేపుతో అంటించాను.
రేడియేటర్ వేడికి
శీతాకాలమంతా ఊడి పడుతుంది.

పోయిన వేసవిలో నా కూతురు ఎస్త్రేయా
మొనాస్తిర్ వెళ్ళింది. ఇప్పుడు దాని పేరు వేరు.
అక్కడి నుంచి ఫోను:
అమ్మా, ద్రాగోర్ ఏరేమిటి, కాలవ!
మన ఇంటి చోట
సెల్‌ఫోన్ తొడుగులు అమ్ముతున్నారు.
గుమ్మం?
అల్యూమినియం.
తడిమి చూశావా?
చూశాను. నున్నగా ఉంది.
కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.
ఊరికే వస్తే బాగోదని
ఒక తొడుగు కొన్నాను, ఎర్రది, అంది.

నిన్న రాత్రి మళ్ళీ టక్కుమని చప్పుడు.
లైటు వెయ్యలేదు.
నేలమీద తడుముతూ
వంగిన మేకుని కూడా తలుచుకున్నాను,
అది ఇంకా కుట్టుపెట్టెలో ఉంది.
చేతికి అలవాటైన ఎత్తులో
మళ్ళీ అంటించాను, వాలుగానే.

నేను పోయాక ఈ గుమ్మానికి
ఏ గుర్తూ ఉండదు.
ఇంటాయన వేలితో రాసి చూసి
అడ్వాన్సు మొత్తం
తిరిగి ఇచ్చేస్తాడు.