ఎడగారు

ఫ్రిజ్ పోయి రెండేళ్లు.
తుమ్మలపెంట రోడ్డులో రొయ్యల లోడ్లకు ఐసు కొట్టే చోటి నుంచి
జిలానీ మోపెడ్ మీద అర దిమ్మ తెస్తాడు,
గోతంలో, ఊక పోసి.
కావలిలో మా ఆర్గానిక్ ల్యాబు
బుధవారం మధ్యాహ్నాలు కాస్త సముద్రం వాసనేస్తుంది.
సిలబస్‌లో లేదది.

పద్నాలుగు మంది. పదకొండు బర్నర్లు.
రెండింటికి నీలిమంట రాదు, ఎప్పుడూ పసుపే.
"గాలి కంత తిప్పండి" అంటాను
పాతికేళ్లుగా అదే మాట.

ఇవాళ ఎసిటనిలైడ్.
ఎనిలీన్ ముదురు పాకం రంగుకు తిరిగింది,
పాత స్టాకు, ఎవరికి చెప్పుకోను.
"చిటికెడు బొగ్గుపొడి వెయ్యండి, వేడి మీదే వడగట్టండి,
జంకితే గరాటులోనే గడ్డ కడుతుంది."
సమీకరణం వాళ్లకు నిద్రలోనూ వచ్చు.
రానిది, కాలే గరాటును వదలకుండా పట్టుకోవడం.
పుస్తకంలో బాణం గుర్తు అరంగుళం.
బల్ల మీద అది మూడు గంటలు.

ఖైరున్నీసా తూచింది, లెక్క కట్టింది:
నూట పన్నెండు శాతం.
వెనక బల్లలో ఎవరో చప్పట్లు.
నేను నోరు తెరిచేలోగా
అల్లూరు నుంచి బస్సులో వచ్చే పెంచల నరసింహం,
మూడు నెలలుగా నా ముందు గొంతు విప్పనివాడు,
వాచ్ గ్లాసు మీది తెల్ల ముద్దను గరిటె కొనతో కదిలించి
"తేమ, మేడం" అన్నాడు.
"కళ్లంలో మా నాయన వడ్లు ఇట్టా ఉంటే
పుట్టికి ఎంత తరుగు తీస్తారో!
ఆరబోసి తూయాల."

సిద్ధం చేసుకున్న వాక్యం మింగేశాను.
వాడిదే బాగుంది.

ఆరబోస్తే నలభై ఒకటి.
ఖైరున్నీసా మొహం కూడా అంతే తగ్గింది.

వాడి రికార్డు తీసి చూద్దును గదా, ఎనభై ఆరు.
సీనియర్ రికార్డులోనూ ఎనభై ఆరే,
అదే సిరా మరక దాకా దించుకున్నాడు.
ఎదురుగా సీసాలో మాత్రం అడుగంటిన చిటికెడు.
"మిగతాది యాడికి పోయింది, నరసింహం?"
చాలాసేపు చూశాడు.
వడపోత కాగితం మడతలోకి,
ఫ్లాస్కు మెడకు,
తొందరపడి ఒలకబోసిన బల్ల మీదకు.
ఇక్కడ తరుగు తీసిన షావుకారెవడూ లేడు.
పోయినది ఎట్టా పోయిందో రాస్తే
నా దగ్గర పూర్తి మార్కులు.

అప్పుడు సింకు వైపు బీకరు ఎత్తాడు, వడగట్టిన నీళ్లు పారబోద్దామని.
"ఆగు!"
జిలానీ కూడా ఉలిక్కిపడ్డాడు.
అది మాతృద్రావణం, నాయనా. తల్లి.
ఇంకా కొంత కడుపులో దాచుకునే ఉంటుంది.
సగానికి మరిగించు, చల్లార్చు, ఐసులో పెట్టు, వదిలెయ్.
దీన్నుంచి వచ్చేదాన్ని పుస్తకాల్లో రెండో పంట అంటారు.

"ఎడగారా, మేడం?"

పాతికేళ్లు ఈ పాఠం చెప్పాను.
ఆ మాట మా ఊరి పొలాల్లోనే ఉంది,
నా నోటికే తట్టలేదు.
బోర్డు మీద రాశాను, పెద్దక్షరాలతో.
పరీక్షకు బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్
ఇదేంటని అడిగితే అడగనీ.

గురువారం పొద్దున గోతం తడి ఊకగా మిగిలింది.
బీకరులో, నీటి అడుగున,
చేప పొలుసుల్లాంటి పలుచని రేకులు.
నరసింహం వాటిని పూర్తిగా ఆరనిచ్చాడు,
రెండుసార్లు తూచాడు,
ఎనభై ఆరు మీద ఒకే గీత గీసి
ముప్పై నాలుగు అని రాశాడు. కింద, ఏడు.

కేశనాళికలో మొదటిది నూట పద్నాలుగుకు చక్కగా కరిగింది.
ఈ ఏడు మాత్రం నూట తొమ్మిదికే చెమర్చడం మొదలుపెట్టింది.
నేను ఓదార్చబోయాను.
"ఆ గింజ అంతే లే మేడం" అన్నాడు,
"రేటు కాస్త తక్కువ పలకద్ది."

జిలానీ ఐసు డబ్బులకు నిలబడ్డాడు.
ఏ పద్దు కింద రాయాలో నాకింకా తెలీదు.