పనసకాయ చప్పుడు

గుణుపురంలో రైలుస్టేషన్ వెనక
మిషన్ వాళ్ల పాత హాలు.
మూడు రోజుల శిక్షణ, ఇరవై రెండు మంది,
ఒక ప్రొజెక్టరు, కరెంటు దాని ఇష్టం.
నేను పర్లాకిమిడి వాణ్ణి.
ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా,
జీతం మాత్రం ఇంగ్లీషులో.

మొదటి పూట బోర్డు మీద బాణాలు గీశాను.
పని నుంచి ఫలితానికి ఒకటి,
ఫలితం నుంచి మార్పుకి ఇంకొకటి.
సుద్దముక్క విరిగింది.
వెనక బెంచీలో ఎవరో అన్నారు,
"మా కొండ మీదికి కూడా ఇంత తిన్నగా దారేస్తే బాగుణ్ణు."
నేనూ నవ్వాను.
బాణం చెరపలేదు.

"సూచిక" అన్నాను. ఒడియాలో "సూచక".
సవరలో ఏమంటారని అడిగితే
ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.
ఇసామి గొమాంగో లేచింది.
ఆరు ఊళ్ల ఆడవాళ్లని వెంటబెట్టుకుని
డిపో బియ్యం కోసం రెండేళ్లుగా
బ్లాకాఫీసు మెట్లెక్కుతున్న మనిషి.
సంతలో నేర్చిన తెలుగులో చెప్పింది:
"మాట నాకు తెల్దు సారూ.
పనసకాయుందా, కోసి చూడం.
వేలితో కొట్టి వింటాం.
టక్ అంటే ఇంకా ఉంది.
డుబ్ అంటే వారంలో పండుద్ది.
అదేనా ఏటి?"

అదే, అన్నాను.
అప్పుడే కరెంటు పోయింది.
పదకొండేళ్ల నా స్లైడులు
గోడ మీంచి చల్లగా దిగిపోయాయి.

"అయితే మా బ్లాకాఫీసుని కొట్టి చూసాను.
మొదటేడు గుమాస్తా గుమ్మంలోంచే పొమ్మనీవోడు.
తర్వాతేడు అర్జీ తీసుకునీవోడు, రసీదివ్వడు.
మొన్న శ్రావణంలో మా జునామి
ముద్ర వేసీదాకా కదల్నంటూ కూకుంది.
ఇప్పుడు మమ్మల్ని చూడగానే
ముద్ర డబ్బా మూత తీస్తన్నాడు.
బియ్యం మాత్రం ఇంకా తక్కువే.
దీన్ని ఏ గడిలో రాయాల?"

గడి వెతికాను.
లబ్ధి పొందిన కుటుంబాలు: సున్నా.
మారిన ఉత్తర్వులు: సున్నా.
సమావేశాలు: నలభై మూడు, టీ ఖర్చుతో సహా.
డబ్బా మూత తెరుచుకునే చప్పుడికి
ఢిల్లీ పంపిన కాయితంలో చోటు లేదు.

భోజనాల దగ్గర, దాల్మా మీద ఈగలు తోలుతూ
భ్రమర్ పాత్రో అడిగాడు,
"పని అయ్యాక, అది మన వల్లే అయిందని ఎలా తెలుస్తుంది?"
జవాబు నా దగ్గర ఎప్పుడూ సిద్ధం.
వంశధార పొంగితే ఏ గెడ్డ నీళ్లని అడుగుతామా?
మన చెంబెడు కూడా ఉందని చూపిస్తే చాలు.
ఎన్ని హాళ్లలో చెప్పానో. చప్పట్లే.

ఆ రోజు నోరు రాలేదు.
ఒక రోడ్డు గుర్తొచ్చింది.
కొండ కింద నాలుగు కిలోమీటర్లు.
మా పోరాట విజయమని నేనే రాశాను,
దండలు వేసుకున్న ఫొటోతో.
అది పడింది కాంట్రాక్టరు బావమరిది
పైన క్వారీ తీసుకున్నందుకు.
మాకు తెలుసు. ఊరికి తెలుసు.
లారీలకి మరీ బాగా తెలుసు.
నివేదికకి తెలీదు.

చెప్పేశాను.
కంచాల్లో చేతులు ఆగిపోయాయి.
నా పక్కనున్న ప్రాజెక్టు ఆఫీసరు
ఊరగాయ కోసం అన్నట్టు లేచి వెళ్లిపోయాడు,
తిరిగి రాలేదు.
చాలాసేపటికి పాత్రో అన్నాడు,
"మా దగ్గర ఇలాంటివి రెండున్నాయి."

మర్నాడు బోర్డు మీద బాణాలు లేవు.
ఎవరు తుడిచారో అడగలేదు.
గడులు మేమే గీసుకున్నాం, స్కేలు లేక వంకరగా:
ఎవరు ముందు మాట్లాడారు,
ఎవరు కుర్చీ చూపించారు,
ఏ రోజు భయమేసింది,
ఏది మన వల్ల కాలేదు.
ఆఖరి గడికి కాయితం చాలక
వెనక్కి తిప్పి రాశారు.

మూడో రోజు సాయంత్రం, బస్సుకి ముందు
ఇసామి తన పుస్తకం చూపించింది.
ఎడమ పేజీలో ఆటో కిరాయి, అరటిపళ్లు, జిరాక్సు.
కుడి పేజీ, రాత్రి కూచుని
గుర్తున్నంత మేరకు రాసిందట.
తేదీ, దాని పక్కన ఒడియా అక్షరాల్లో ఒకే ముక్క.
టక్. టక్. టక్.
శ్రావణం తేదీ దగ్గర ఏదో రాసి, కొట్టేసి,
మళ్లీ రాసి, మళ్లీ కొట్టేసింది.

"ఇదేం చప్పుడో చెప్పలేను సారూ," అంది.
"ఆ రోజు రేకుల మీద వాన.
సరిగా వినపడలేదు."