ఎర్ర చుక్క

బ్రాడీపేట నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు.
ఇంత చెబితే చాలు,
కొత్తవాడైనా నా నెట్ సెంటర్ మెట్ల ముందు దిగుతాడు.
ఈ పేటకి అంకెలేసినవాడెవడో
దారి తప్పేవాణ్ణి తలుచుకునే వేసుంటాడు.

ఈ ఫారం రాసినవాడు ఎవర్నీ తలుచుకోలేదు.

సామ్రాజ్యమ్మ మిర్చి యార్డులో తొడిమలు తీసి తీసి
మండే వేళ్ళు కొంగులో చుట్టుకుని కూర్చుంటుంది.
పుట్టిన తేదీ పక్కన ఎర్ర చుక్క.
"గాలివాన ఏడు, శనగలు పీకేటప్పుడు" అంటుంది.
ఆ గడిలో గాలివాన పట్టదు.
ఏదో ఒకటి నొక్కుతాను.
తప్పు, అంటుంది తెర. ఏది తప్పో అనదు.
వెనక్కెళితే రాసిందంతా తుడిచేస్తుంది.
"తప్పు నాదేనా, మీరావలీ?"
మూడోసారి అడిగింది.

నిజం చెప్పొద్దూ,
ఆ తప్పుల మీదే నా కరెంటు బిల్లు.
ఫారానికి ఇరవై.

మొన్న వచ్చి, కూర్చోకుండా
ఫోను నా ముందు పెట్టింది.
పేజీకి ఒకే ప్రశ్న, తెలుగులో,
బొటనవేలంత బొత్తాం.
కింద చిన్న మాట:
తేదీ తెలియకపోతే సుమారు వయసు చాలు.
"నేనే నొక్కా" అంది.
వేలు చూపించింది, ఇంకా ఎర్రగానే ఉంది.

ఇరవై పోయింది.
ఆ చిన్న మాట రాసిందెవరో గానీ
ఒకసారి ఇటొస్తే టీ నాది.
అడ్రసు చెప్పాగా.