నల్లచీటీ

గోపాలపూరు ఇసకలో ఆ పూట తుపాను లేదు.
వచ్చిపోయిందనుకోమన్నారు.
ఆరు దేశాల పటాలాలు, నీలం గుడారాలు,
మైకులో మేజరు గారి హిందీ:
గోడలు కూలాయి, మీరంతా దెబ్బలు తగిలినవాళ్ళు.
మా నోళియా సాహీ నుంచి నలభై మందిమి,
మనిషికి మూడొందలు, ఒక అన్నం పొట్లం.

మెడల్లో చీటీలు కట్టింది నేనే,
ఆశా కార్యకర్తని, ఒడియా తెలుగు రెండూ వచ్చినదాన్ని.
ఎర్రచీటీ వాళ్ళు మూలగాలి.
పసుపు వాళ్ళు ఆగాలి.
పచ్చ వాళ్ళు కుంటుకుంటూ నడిచి వెళ్ళాలి.
నల్లచీటీ అంటే పోయినట్టు.
సూరాడ దాలమ్మ నల్లదే అడిగి తీసుకుంది.
"సచ్చినోలికి పనేటుంటాదే? కూసింత నడుం వాలుస్తాను."

ఈల ఊదారు.
స్ట్రెచర్లు పరిగెత్తాయి. ఎర్రచీటీ గుంటలు
మూడొందలకు మించే ఏడ్చారు.
ఎవరి భాషలో వాళ్ళు అరుచుకుంటూ డాక్టర్లు
పోయినవాళ్ళను దాటుకుంటూ వెళ్ళారు. అదే పద్ధతట,
బతికేవాళ్ళు ముందు.

దాలమ్మకు దగ్గొచ్చింది.
మొదటిది మింగేసింది. రెండోది ఆగలేదు.
తెల్ల యూనిఫారం ఒకటి ఆగింది.
గుండె మీద పేరు ఫిర్దౌసీ,
సముద్రంలో గీతకు అవతలి దేశపు నేవీ.
మోకాళ్ళ మీద కూచుని శవం చీలమండ నొక్కింది.
వేలు తీసినా గుంట పూడలేదు,
తడి ఇసకలో పీత బొరియలా ఉండిపోయింది.

ఇంగ్లీషులో అడిగింది, నాకు రాదు.
సుబేదారు హిందీలో అడిగాడు, దాలమ్మకు రాదు.
అప్పుడామె తన ఇంటిమాటలో, మెల్లగా,
"బేథా?"

నొప్పా అని. ఒడియాలోనూ ఇంచుమించు అంతే.
నేను నోరు తెరిచేలోపు
దాలమ్మకది "వెతా?" అని వినిపించింది.

వెత ఏమిటని అడిగిన మనిషికి
మోకాలి సలుపు చెప్తారా ఎవరైనా?
లేచి కూచుంది.
ఇంజిను చచ్చిన బోటు, మూడు రాత్రుల ఎదురుగాలి,
నీళ్ళ మీద ఎవరికీ కనబడని గీత,
తెల్లబట్టల వాళ్ళు తాడు కట్టి లాక్కుపోవడం,
కొడుకు సోమేసు పదకొండు నెలలు అక్కడి జైల్లో.
ఇంటికొచ్చాక చూస్తే పిక్క మీద ఏడు కుట్లు.
"సన్నంగా, వరసంట ఉన్నాయి తల్లీ,
వల అల్లినోలి సెయ్యిలాగ.
ఆ కుట్లేసింది నువ్వేనేటి?"

మేజరు గారు నా వెనకే ఉన్నారు. కెమెరా కూడా.
నేను ఒడియాలో చెప్పింది ఇదీ:
ఆయాసం, రెండేళ్ళుగా. కాళ్ళ వాపు.
అబద్ధం మాత్రం కాదు.

ఫిర్దౌసీ నా వైపు చూసింది,
అంత కథకు ఇంతేనా అన్నట్టు.
జైలన్న మాట ఎక్కడైనా జైలే కదా,
ఎంత పట్టుకుందో నాకు తెలీదు.
స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకుని
చాలాసేపు వింది.

శవాల లెక్క తేలలేదు.
పన్నెండుండాలి, పదకొండే ఉన్నాయి.
"ఆవిడని మళ్ళీ పడుకోమనండి" అన్నాడు రాసుకునే కుర్రాడు.
"ఉండరా గుంటడా, మందు రాయించుకుంతన్నాను" అంది దాలమ్మ.

కాగితం దొరక్క ఆ నల్లచీటీనే తిప్పి
వెనక తెల్లవైపు బొమ్మలు గీసింది డాక్టరమ్మ.
సూర్యుడు, పక్కన ఒక మాత్ర.
చంద్రుడు, పక్కన అర మాత్ర,
అందుకని చంద్రుణ్ణీ సగమే గీసింది.
అడుగున బరంపురం పెద్దాసుపత్రి పేరు, రెండు గీతలు కొట్టి.

మర్నాటికి గుడారాల్లేవు, మేకుల గుంటలున్నాయి.
మూడొందల్లో రెండొందలు బరంపురం ఆటోకే పోయాయి.
ఇప్పుడా చీటీ దాలమ్మ ఇంట్లో
వల సూది పక్కన మేకుకి వేలాడుతోంది.
సముద్రపు గాలికి తిరుగుతుంటుంది,
ఒకసారి పోయినట్టు, ఒకసారి మాత్ర వేసుకోమన్నట్టు.

నేను గుమ్మంలో ఉండగానే అడిగాడు సోమేసు,
"అమ్మా, కుట్లేసింది ఆ డాక్టరమ్మేనా?"
దాలమ్మ నా మొహం చూడలేదు.
"అడిగినాన్రా. ఈ ఆశా పిల్లే సెప్పనేదు."