రెండో తీగ మాట

మళ్ళీ వచ్చాడు రుఫీనో అలనోకా.
ఈసారి మినీబస్సు పాకుతుంటే
పక్కనే, టోపీ చేతిలో పట్టుకుని, నడుస్తూ.
స్టీరింగు మీద వాళ్ళబ్బాయి.

సెంకాటా ఎక్కుడు దగ్గర మొదలైందట.
పెడలు పాతాళానికి తొక్కినా
ఇంజను మూలుగు పెరగలేదు,
మీటర్ల మధ్య పసుపు దీపం మాత్రం వెలిగింది.
పన్నెండుమంది దిగి, చిల్లర వెనక్కి అడిగి,
మూటలు భుజాన వేసుకుని పోయారు.

"గొంతు పట్టేసింది, ప్రిమితీవా," అన్నాడు.

ఎల్ ఆల్టోలో ప్రతివాడూ అదే అంటాడు.
ఇక్కడి గాలి మా అత్త కాచే పులుసు,
గిన్నె నిండా ఉంటుంది, గరిటెకు ఏమీ తగలదు.
ఆ గాలిని లోపలికి వదిలే రేకు
నా అరచేతిలో ఇమిడిపోతుంది.
మా నాన్న రోజుల్లో దాన్ని ఉక్కు తీగ లాగేది,
ముక్కుతాడు లాగితే ఎద్దు తిరిగినట్టు.
ఇప్పుడు కాలు అర్జీ పెట్టుకుంటుంది,
పెట్టె ఆలోచిస్తుంది,
బుల్లి మోటారు, ఒప్పుకుంటే, తెరుస్తుంది.
కాలికీ గాలికీ మధ్య ఎంత ఆఫీసు పెరిగిందో!

పోయినవారం రేకు విప్పి కడిగాను.
మసి వచ్చింది, రోగం రాలేదు.
గురువారం సంతలో
నాకు చెప్పకుండా ఇంకో రేకుపెట్టె కొన్నాడు, మూడువందలకు.
చెబితే తిడతానని తెలుసు.
అమ్మినవాడు తల్లి మీద ఒట్టేశాడట.
తల్లి బాగానే ఉండి ఉంటుంది,
బండే బాగుపడలేదు.

సరే, స్కానరు తగిలించాను.
పెడలు దగ్గర ఇద్దరు సాక్షులుంటారు.
ఒకడు సున్నా పాయింట్ ఎనిమిది అంటే
రెండోవాడు ఒకటి పాయింట్ ఆరు అనాలి.
కాలు దిగేకొద్దీ ఇద్దరూ గొంతు పెంచాలి,
మధ్య దూరం మాత్రం చెదరకూడదు.
ఒకడు తడబడితే
పెట్టె ఇద్దరినీ నమ్మదు, బండిని పాకిస్తుంది.
నాకు ఆ పెట్టె మీద గౌరవమే.
అబద్ధం నమ్మి లోయలోకి ఉరికే కంటే
అనుమానంతో పాకడం మేలు.

పెడలు దగ్గర కొలిచాను, ఇద్దరూ నిజమే చెప్పారు.
పెట్టె దగ్గర కొలిచాను,
రెండోవాడు ఒకటి పాయింట్ రెండు అని గొణిగాడు.
దారిలో ఎవరో వాడి నోరు నొక్కారు.

ఈ బండి జపాన్‌లో పుట్టినప్పుడు స్టీరింగు కుడివైపు.
ఇకీకే రేవులో దిగాక, ఏదో రేకుల షెడ్డులో,
డ్రైవరును ఎడమకు జరిపారు.
మనిషి జరిగాడు, పెడలు జరిగింది,
తీగలకే పొడవు చాలలేదు.
అతుకేసి, నల్లటేపు చుట్టి,
మీద తివాచీ పరిచారు.

తివాచీ ఎత్తాను.
రంగుకాగితాల తుంపులు,
ఎండి నల్లబడ్డ పూరేకులు,
పులిసిన బీరు వాసన.
అతుకు దగ్గర రాగి
చిలుముపట్టి, పచ్చగా, నాచులా.

"కార్నివాల్‌కి బండికి చల్లారు కదూ?"

రుఫీనో నేల చూపులు చూశాడు.
చక్రానికో గుక్క, బానెట్టుకో సీసా,
భూమితల్లి పేరు చెప్పి
పెడళ్ళ దగ్గర కూడా కాస్త.
అక్కడ పోసింది వాళ్ళమ్మ, దోన్యా సెవెరీనా,
ప్రమాదం జరక్కూడదని.

జరగలేదు మరి!
పాకే బండికి ప్రమాదమేమిటి?

కుళ్ళిన రాగి కోసేశాను.
కొత్త తీగ, వేడి సీసం, ముడుచుకునే గొట్టం.
తాళం తిప్పి రుఫీనోను తొక్కమన్నాను,
నెమ్మదిగా, గుడ్డు మీద కాలేసినట్టు.
స్క్రీను మీద రెండు అంకెలు
పక్కపక్కన మెట్లెక్కాయి,
ఒకరి భుజం ఒకరు వదలకుండా.
ఇంజను అరిచింది.
వీధి కుక్క లేచి ఇంకోచోట పడుకుంది.

కొత్త అతుకును డాష్‌బోర్డు వెనక కట్టాను,
దోన్యా సెవెరీనా సీసా అందనంత ఎత్తులో.
"అమ్మకు చెప్పొద్దు," అన్నాడు రుఫీనో.

నేనెందుకు చెబుతాను?
ఈ గ్యారేజీ తెరిచిన రోజు
నా ఇనప తలుపు కీళ్ళమీద పోసింది కూడా ఆమే.
పన్నెండేళ్ళు. ఒక్క దొంగా రాలేదు.
తెరవడానికి మాత్రం
ఇద్దరు కావాలి.